పేర్లు పరిచిన వంతెన

అశోక్‌నగర్‌కూ చిక్కడపల్లికీ నడుమ, నాలా మీద ఒక రాతి వంతెన ఉండేది. ఏడు కమానులు. ఒక్కో కమాను కింద ఏనుగు అంబారీతో సహా దూరిపోయేంత ఎత్తు. ఎవరో తెల్లదొర గచ్చుసున్నంతో కట్టించి పోయాడు. దాని మీదుగా ఒక మిల్లుకు గూడ్సుబండ్లు నడిచేవి. మిల్లు మూతపడింది, బండ్లు ఆగిపోయాయి, పట్టాలు పీక్కుని పోయారు. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు వంతెన తుమ్మచెట్లకూ, మేకలకూ, సంచిలో సీసాలు దాచుకుని వచ్చే పెద్దమనుషులకూ నిలయమైపోయింది. అట్లాంటి వంతెన మీద తొంభై అయిదో సంవత్సరం వచ్చేసరికి ఆడవాళ్ళు చీర కింద కాన్వాసు బూట్లు తొడుక్కుని పొద్దున్నే వాకింగు చేస్తున్నారంటే ఆ ఘనత రాఘవేందర్‌ది. ఆయన్ని అడిగితే ఆయనే చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

రాఘవేందర్ ఒక సర్కారు ఆఫీసులో హెడ్‌క్లర్కు చేసి రిటైరైన మనిషి. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక గల్లీలో సొంత ఇల్లు. ముప్పై మూడేళ్ళు లోకం రాసిన దరఖాస్తులన్నీ చదివీ చదివీ, రిటైరయ్యాక తానే ఒక దరఖాస్తు రాయకపోతే చెయ్యి దురద పెట్టే స్థితికి వచ్చాడు. ఆ సమయంలోనే భార్య విద్యావతికి షుగరు బయటపడింది. నారాయణగూడ డాక్టరు మందులు రాసిచ్చి, మందుల కంటే ముందు రోజూ గంటసేపు నడవాలమ్మా అన్నాడు.

నడవడానికి చోటేదీ? చిక్కడపల్లి రోడ్డు మీద బస్సులు, బస్సుల నడుమ ఆటోలు, ఆటోల నడుమ కూరగాయల బండ్లు. గల్లీల్లోకి వెళితే కుక్కలు. విద్యావతి వారం రోజులు కష్టపడి నడిచింది. ఎనిమిదో రోజు ఒక ఆటో అద్దానికి ఆమె కొంగు తగులుకుని నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. దెబ్బ తగలలేదు గానీ, షుగరుతో చచ్చినా ఫరవాలేదు, ఆటో కింద పడి చావనని చెప్పి ఇంట్లో కూర్చుంది. రాఘవేందర్‌కు భయం పట్టుకుంది. పైకి గంభీరంగా పేపరు చదువుతూ కూర్చున్నాడే గానీ, ఆమె లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించుకుని చాయ్ సగంలో వదిలేశాడు. అంత ప్రేమ ఉన్నట్టు ఆయనకూ అంతవరకు తెలియదు.

అప్పుడు వంతెన కళ్ళబడింది. పదకొండు నెలల పాటు దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాడు. ఆయన పీడ భరించలేక మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి తుమ్మలు కొట్టించారు, రెండు పక్కలా ఇనుప కటకటాలు వేశారు, స్కూటర్లు రాకుండా రెండు చివరలా కమ్మీలు పాతారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. ఆ వంతెన మీదుగా తాగునీటి గొట్టం వెయ్యాలని ముందు నుంచే ఒక ఆలోచన ఉందట. గొట్టం పడితే మనుషులకు చోటుండదు. కాబట్టి ఒక సంవత్సరం చూస్తారు. జనం నిజంగా నడుస్తుంటే బాటగా ఉంచుతారు, లేకుంటే గొట్టానికి ఇచ్చేస్తారు.

జనం నడిచారు. విద్యావతి అందరికంటే ముందు నడిచింది. ఈ చివర చిక్కడపల్లి, ఆ చివర అశోక్‌నగర్, పోనూ రానూ ఆరుసార్లు. నెల తిరిగేసరికి ఆమెకు అయిదుగురు స్నేహితురాళ్ళు తయారయ్యారు. రెండు నెలలకు షుగరు దిగింది. పొద్దున వంతెన మీద కోడళ్ళ గురించీ, కాకరకాయ రసం గురించీ, ఎవరి ఇంట్లో ఎవరు గురక పెడతారన్న దాని గురించీ మాట్లాడుకుంటూ ఆమె పగలబడి నవ్వేది. పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో తన భార్య అంత గట్టిగా నవ్వగలదని రాఘవేందర్‌కు తెలియనే తెలియదు. వెనక నాలుగడుగుల దూరంలో నడుస్తూ, ఆ గురక పెట్టేది తానేనని తెలిసి కూడా, సంతోషంగా వినేవాడు.

ఇక్కడితో ఊరుకుంటే కథే లేదు. కానీ హెడ్‌క్లర్కు ఊరుకుంటాడా?

బాట మీద ఇంకా పాత రైలు కంకరే ఉంది. బూట్లలోంచి గుచ్చుకునేది. దాని మీద బండలు పరిపించాలని వాకర్ల సంఘం అనుకుంది. సంఘానికి కార్యదర్శి ఎవరని వేరే చెప్పాలా? రాఘవేందర్ లేచి నిలబడి, గుళ్ళల్లో మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తారు కదా, మనమూ అట్లాగే చేద్దామన్నాడు. నలభై రెండు కుటుంబాలున్నాయి. ఇంటికి నాలుగు షాబాదు బండలు, అందులో ఒక దాని మీద ఆ ఇంటి పెద్దల పేరు. బాటకు అడ్డంగా రెండు పేర్ల బండలు ఒక వరుస, తర్వాత మూడు వరుసలు ఉత్తి బండలు, మళ్ళీ పేర్లు. జనం చప్పట్లు కొట్టారు. తల్లిదండ్రుల పేరు నాలుగు కాలాల పాటు రాతి మీద నిలుస్తుందంటే వద్దనే కొడుకెవడు? హిమాయత్‌నగర్‌లో బట్టల దుకాణం ఉన్న ఫణీంద్ర తన తండ్రి పేరు వెనక ఆయన బిరుదులన్నీ రాయించి ఇచ్చాడు. అవి పట్టడానికి బండ చాలక, పెద్దులు అనే చెక్కుడు మేస్త్రీ అక్షరాలను చీమలంత చేయాల్సి వచ్చింది.

చిక్కడపల్లి వైపు తొలి వరుసలో, అందరికీ కనబడే చోట, కార్యదర్శి తన తల్లి పేరు పెట్టించుకున్నాడు. కీర్తిశేషురాలు భూదేవమ్మ గారు. ఎవరూ ఏమీ అనలేదు. అంత పని చేసినవాడికి ఆ మాత్రం ఉండదా అనుకున్నారు.

పని జరుగుతుండగా ఒకరోజు నర్సింహమ్మ వచ్చింది. అశోక్‌నగర్ చివర, వంతెన దిగగానే, రైలువాళ్ళ పాత గదిలో ఉండే మనిషి. ఆమె భర్త కురుమయ్య ఈ వంతెన మీదే గ్యాంగ్‌మన్. బండి రాకముందు వంతెన ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, బోల్టులు బిగించి, జారిన కంకరను ఎగదోసి, అంతా బాగుందని జెండా చూపించడం ఆయన పని. లైను మూతపడిన తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. ఇప్పుడు నర్సింహమ్మ అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదువుకునే పిల్లలకు జొన్నరొట్టెలు చేసి ఇస్తుంది. తన ఇంటాయన పేరు కూడా వేయించమని అడిగింది. బండ కొననక్కర్లేదట, తన గుమ్మం ముందున్న బండే తీసుకొమ్మంది. సంఘంలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. ఆమె సభ్యురాలు కాదు, వాకింగూ చేయదు. రాఘవేందర్ పెద్దమనసు చేసుకుని, సరే, ఆ చివర మిగిలిన చోట వేద్దామన్నాడు. మిగిలిన చోటు ఆమె గది ముందే. అంటే ఆ బండ ఇరవై అడుగులు కూడా కదలకుండానే దానమైంది.

ఒక ఆదివారం పొద్దున కొబ్బరికాయ కొట్టారు. నలభై రెండు కుటుంబాలు కొత్త చెప్పులు, తెల్లబూట్లు వేసుకుని చిక్కడపల్లి చివర నిలబడ్డాయి. ఎవరు మొదలు నడవాలి? విద్యావతే నడవాలని అందరూ ముందుకు తోశారు. ఆమె నవ్వుతూ రెండడుగులు వేసి, మూడో అడుగు ఎత్తి, ఎత్తిన కాలు అట్లాగే వెనక్కి తీసుకుంది.

"గీడ అత్తమ్మ పేరున్నది," అంది.

"ఉన్నది. నేనే చెక్కిచ్చిన," అన్నాడు రాఘవేందర్ గర్వంగా.

"బూటుకాలు తీస్కపొయ్యి అత్తమ్మ పేరు మీద పెట్టుమంటరా?"

రాఘవేందర్ తన కాళ్ళ వంక చూసుకుంటే, అవి కూడా బండకు జానెడు దూరంలోనే ఆగిపోయి ఉన్నాయి. పేపరు ముక్క కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జనం వాళ్ళు. పుస్తకం మీద కాలు పడితే మూడుసార్లు దండం పెట్టే జనం. అట్లాంటిది కన్నవాళ్ళ పేర్లు తీసుకొచ్చి దారిలో పరిచారు. నలభై రెండు కుటుంబాల్లో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, బండలు పరిచేదాకా ఈ సంగతి తట్టలేదు. గుడిమెట్ల మీద తొక్కుతాం కదా అని ఎవరో అన్నారు. అక్కడ తొక్కేవి చెప్పులు లేని కాళ్ళు, అవీ దేవుడి దగ్గరికి పోయే కాళ్ళు, దాంతో దీనికి పోలికేమిటని ఇంకెవరో అన్నారు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

మొదటి రోజులు జనం దూకారు. ఉత్తి బండ మీద మూడడుగులు, పేరు రాగానే ఒక దూకు. ఇరవై ఒక్క వరుసలకు ఇరవై ఒక్క దూకులు. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులున్న మనుషులు ఎంతకని దూకుతారు? మూడో రోజు ఒకావిడ కాలు మెలికపడి కూర్చుండిపోయింది. నాలుగో రోజు ఒక రిటైర్డు హెడ్మాస్టరు దూకబోయి సరిగ్గా ఫణీంద్ర తండ్రి బిరుదుల మీద పడ్డాడు. కావాలనే తొక్కాడని ఫణీంద్ర, అన్ని బిరుదులు రాయిస్తే కాలు పెట్టే జాగా ఎక్కడిదని హెడ్మాస్టరు, గొంతులు పెంచుకున్నారు. అయిదో రోజు నుంచి ఎవరి బండ దగ్గర వాళ్ళు కాపలా నిలబడటం మొదలైంది. వాకింగుకని వచ్చి గంటసేపు ఒకేచోట నిలబడి ఇంటికి పోయేవాళ్ళు. వారం తిరిగేసరికి అదీ పోయింది. పొద్దున ఆరు గంటలకు వంతెన మీద మళ్ళీ మేకలే కనబడ్డాయి. వాటికి చదువు రాదు కాబట్టి హాయిగా నడిచాయి.

విద్యావతి ఇంట్లో కూర్చుంది. అలిగి కాదు. నడిచే చోటు లేక. నవ్వు లేదు, స్నేహితురాళ్ళు లేరు. నెలాఖరుకు రక్తపరీక్ష చేయిస్తే అంకె మళ్ళీ పైకి పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే రాఘవేందర్‌కు కాస్త తేలికగా ఉండేది.

ఆయన చేయని ప్రయత్నం లేదు. పంతులుగారిని అడిగితే, చెప్పులు విడిచి నడిస్తే దోషం ఉండదన్నాడు. డాక్టరును అడిగితే, షుగరున్నవాళ్ళు చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగు వేశారంటే ఊరుకోనన్నాడు. బండలన్నీ బోర్లా తిప్పుదామని సంఘంలో అంటే ఫణీంద్ర లేచాడు. మా నాయనను బోర్లా పండబెడతావా అని అడిగాడు. అంతటితో ఆ మాట పోయింది. తీయించి గోడకు ఆనిద్దామంటే, సిమెంటులో కూరుకున్న బండ పగలకుండా రాదని పెద్దులు చెప్పాడు. తల్లి పేరు పగలగొట్టుకునే కొడుకు మాత్రం ఎవడు?

ఈ తిప్పల్లో ఉండగా ఉత్తరం వచ్చింది. గడువు దగ్గరపడిందట. రాబోయే గురువారం పొద్దున ఆరున్నరకు ఆఫీసరు వచ్చి చూస్తాడట. నడిచే జనం కనబడితే సరి, కనబడకపోతే గొట్టం పని మొదలవుతుంది. రాఘవేందర్ ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. భాష చాలా బాగుంది. తాను రాసినా అంతకంటే బాగా రాయలేడు.

బుధవారం మధ్యాహ్నం ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. చెప్పుకోదగ్గ ఆలోచన కాదు. ఎవరో ఒకరు, పగిలితే పగిలిందని, తమ బండ తీసి బోర్లా తిప్పడానికి ఒప్పుకుంటే, వాళ్ళను చూపించి మిగతావాళ్ళను ఒప్పించవచ్చు. ఆ మొదటి ఒకరు ఎవరు? నర్సింహమ్మ. రొట్టెలు అమ్ముకునే మనిషి, కార్యదర్శి అడిగితే కాదంటుందా? తన తల్లి బండ తిప్పించాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. సంఘం పని మీద పోతున్నట్టు ముఖం పెట్టుకుని, ఉత్తి బండల మీద అడుగులు వేస్తూ, పేర్ల మీద దూకుతూ, ఆ వయసులో ఆ ఎండలో, అశోక్‌నగర్ చివరికి చేరాడు.

నర్సింహమ్మ గది ముందు పొయ్యి వెలుగుతోంది. ఎదురుగా కురుమయ్య బండ. లైబ్రరీకి పోయే పిల్లలు ఇద్దరు ముగ్గురు రొట్టెలు కట్టించుకుంటున్నారు. వాళ్ళలో రమ్య అనే అమ్మాయి ఉంది. జనగామ దిక్కు పల్లెటూరి నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతోంది. రొట్టెల పొట్లం సంచిలో పెట్టుకుని, ఆ అమ్మాయి బండ మీదికి ఎక్కింది. ఎక్కి దాటిపోలేదు. అక్కడే నిలబడి కుడికాలూ ఎడమకాలూ మార్చి మార్చి మెల్లగా తొక్కింది. చాలా అవ్వా అని అడిగి, నర్సింహమ్మ తల ఊపాక దిగి పోయింది. ఆమె వెనకే ఇంకో అబ్బాయి. అతనూ అట్లాగే తొక్కి పోయాడు.

రాఘవేందర్‌కు ఒళ్ళు మండింది. తాము తల్లిదండ్రుల పేర్ల మీద కాలు పెట్టలేక నెల రోజులుగా చస్తుంటే, ఈమె దగ్గరుండి మొగుడి పేరు తొక్కిస్తోంది! మొగుడి పేరు నోటితో చెప్పడానికి కూడా సిగ్గుపడి, పెద్దులుకు రమ్య చేత కాగితం మీద రాయించి ఇచ్చిన మనిషి. ఇదేం పని అని కాస్త గట్టిగానే అడిగాడు.

నర్సింహమ్మ చేతికున్న పిండి దులుపుకుంది. "గీ బండ మా గుమ్మం కాడిది సార్. ఆయన డ్యూటీ దిగొచ్చి దీని మీదనే బోర్ల పండుకుంటుండె. దినమంత కంకర మీద నడిచి నడిచి పిక్కలు రాళ్లయితుండె. పిల్లలను పిలిచి కాళ్లు తొక్కుమంటుండె. వాండ్లు ఎక్కి తొక్కుతుంటె పాణం లేచొచ్చినట్టు అయితదని అంటుండె. ఇప్పుడు మా పిల్లలు పెద్దగయిండ్రు, వాండ్లెక్కితె బండ పలుగుతది. అందుకే గీ సదువుకునే పిల్లలను తొక్కుమంటున్న. తప్పా సార్?"

రాఘవేందర్ ఆ బండ వంకే చూశాడు. తన తల్లి గుర్తొచ్చింది.

అప్పుడు తనకు ఏడెనిమిదేళ్ళు. నారాయణగూడలో కిరాయి గది. తండ్రి లేడు. భూదేవమ్మ నాలుగిళ్ళలో వంట చేసి కొడుకును చదివిస్తోంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఇంటికి వచ్చి, ముఖం కూడా కడుక్కోకుండా నేల మీద బోర్లా పడుకుని, జర కాళ్ళు తొక్కు బిడ్డా అనేది. వాడు గోడ పట్టుకుని ఆమె పిక్కల మీద ఎక్కేవాడు. బయట గల్లీలో పిల్లల గోటీలాట, గోళీకి గోళీ తగిలే చప్పుడు. ఇరవై దాకా లెక్కపెట్టి, ముప్పై అని, ఎనభై అని, నూరు అయిపోయిందమ్మా అని దూకి ఉరికేవాడు. ఆమెకు లెక్క తెలియక కాదు. అప్పుడే అయిందా అనేది, కళ్ళు మూసుకునే నవ్వేది. ఒక్కరోజైనా పిలిచి వెనక్కి రప్పించలేదు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. ఆమె కాళ్ళు ఒత్తే పని కోడలిదైంది. తాను మళ్ళీ ఎప్పుడైనా ఆమె కాళ్ళు ముట్టుకున్నాడా? పండగలకు దండం పెట్టాడు. అంతే.

వచ్చిన పని అడగకుండానే రాఘవేందర్ వెనక్కి తిరిగాడు. సిగ్గుగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది, అయితే అశోక్‌నగర్ చౌరస్తాలో హెడ్‌క్లర్కు ఏడవడమేమిటని ఆపుకున్నాడు. పోతూ పోతూ ఒక రొట్టె అడిగి తీసుకున్నాడు, ఊరికే వచ్చినట్టు ఉండకూడదని.

గురువారం పొద్దున ఆరు గంటలకే సంఘమంతా చిక్కడపల్లి చివర చేరింది. రమ్మని ఆయనే ఇంటింటికీ చెప్పి వచ్చాడు. వచ్చారు గానీ ఎవరి ముఖంలోనూ ఆశ లేదు, అంత్యక్రియలకు వచ్చినట్టు వచ్చారు. ఫణీంద్ర ఒక పక్క, హెడ్మాస్టరు ఒక పక్క, ఒకరి ముఖం ఒకరు చూడకుండా నిలబడ్డారు. విద్యావతి బూట్లు తొడుక్కునే వచ్చింది. కానీ స్నేహితురాళ్ళ పక్కన ఊరికే నిలబడి ఉంది. ఆరున్నరకు జీపు వచ్చింది. నడివయసు ఆఫీసరు, చేతిలో అట్టకు బిగించిన కాగితం. నడిచే జనం ఎక్కడని అడగలేదు. కటకటం పక్కన నిలబడి చూస్తున్నాడు. ఖాళీ వంతెన కనబడుతూనే ఉంది కదా.

రాఘవేందర్ ముందుకు నడిచాడు. తొలి వరుస దగ్గర ఆగాడు. తల్లి పేరు చూశాడు. వంగి దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. లేచి, బూట్ల కాళ్ళతోనే ఆ బండ మీదికి ఎక్కాడు. వెనక ఎవరో అయ్యో అన్నారు. ఆయన ఒక చేత్తో కటకటం పట్టుకుని, కుడికాలూ ఎడమకాలూ మార్చి మార్చి మెల్లగా తొక్కడం మొదలుపెట్టాడు. మోపిన కాలు మడమ నుంచి వేలి దాకా ఒత్తిడి సరిగ్గా పడేట్టు, తొందర లేకుండా.

"గిదేంది రాఘవేందర్ గారు?" అన్నాడు ఫణీంద్ర. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"మా అమ్మకు మధ్యాహ్నం పూట కాళ్లు తొక్కాలె. చిన్నప్పుడు నేనే తొక్కుతుంటి," అన్నాడు రాఘవేందర్, వెనక్కి తిరగకుండా.

ఆ మాట విప్పి చెప్పాల్సిన అవసరం అక్కడ ఒక్కరికి కూడా లేదు. అక్కడున్నవాళ్ళందరూ ఒకప్పుడు చిన్నపిల్లలే. అందరూ ఏదో ఒక గోడ పట్టుకుని, ఏదో ఒక వీపు మీద ఎక్కి తొక్కినవాళ్ళే. ఆటకు పోవాలని లెక్క దాటవేసినవాళ్ళే.

విద్యావతి కదిలింది. వచ్చి భర్త భుజం మీద తట్టి, జర పక్కకు జరగమంది. బండ మీదికి ఎక్కింది. "పద్దెనిమిదేండ్లు చేతులతోని ఒత్తిన," అంది అందరికీ వినబడేట్టు. "ఎన్నడూ సాలు అనలేదు, మీ అమ్మ." అని, నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, అత్తగారి పేరు మీద రెండు కాళ్ళూ గట్టిగా ఆనించి తొక్కింది. ఆ పద్దెనిమిదేళ్ళలో ఏ సంవత్సరానిదో బాకీ కూడా కొంచెం తీర్చుకుని ఉండవచ్చు. రాఘవేందర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆగలేదు. కాలు మెలికపడిన ఆవిడ తన మామగారి దగ్గరికి పోయింది. ఒకాయన తన తల్లి బండ మీద ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. ఫణీంద్ర వరసలు దాటుకుంటూ తండ్రి బిరుదుల దగ్గరికి పోయి, కొంచెం సేపు తొక్కి, తన బరువు తండ్రికి చాలదనిపించిందో ఏమో, చుట్టూ చూశాడు. హెడ్మాస్టరు కనబడ్డాడు.

"మాస్టారూ, జర ఇటు రాండ్రి. మా నాయనకు నడుం నొప్పి ఉండె. మీరు బరువున్నరు," అన్నాడు.

హెడ్మాస్టరు వచ్చాడు. వచ్చి, చెప్పిన చోట, చెప్పినంత సేపు తొక్కాడు. ఆయన తండ్రి బండ మీదికి ఫణీంద్ర వెళ్ళాడు. ఎవరి పెద్దలకు వాళ్ళు తొక్కి, పక్కవాళ్ళ పెద్దలకూ తొక్కి, తర్వాతి వరుసకు పోయి, అట్లా వంతెన నిండా జనమై, మెల్లమెల్లగా అశోక్‌నగర్ చివరి దాకా సాగారు. ఆ చివర నర్సింహమ్మ పొయ్యి ఊదుకుంటూ, ఇంత పొద్దున్నే ఇంతమంది ఎందుకొస్తున్నారా అని తలెత్తి చూసింది. అందరూ కురుమయ్య బండ మీద ఎక్కి దిగారు. ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది.

అందరూ ముందుకు పోయినా రాఘవేందర్ మాత్రం మళ్ళీ తొలి వరుసకే వచ్చి తల్లి బండ మీద నిలబడి ఉన్నాడు. ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుని, సంతకం చేసి, ఆయన దగ్గరికి వచ్చాడు. సాధారణంగా రాఘవేందర్ అట్లాంటి కాగితం కనబడితే తలకిందులుగా కూడా చదవగలడు. ఆ రోజు దాని వంక చూడనే లేదు.

"అందరూ నడుస్తున్నారు కదా, మీరు ఇక్కడే నిలబడ్డారేం?" అని అడిగాడు ఆఫీసరు.

"నేను చిన్నప్పుడు లెక్క తప్పు చెప్పి సగంల ఉరికిన సార్," అన్నాడు రాఘవేందర్. "అది పూర్తి చేస్తున్న."

ఆఫీసరు ఆయన కాళ్ళ వంక చూశాడు, బండ మీది పేరు చదివాడు. జీపు డ్రైవరు హారన్ కొట్టబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. పొద్దు పూర్తిగా పొడిచి, చిక్కడపల్లి రోడ్డు మీద బస్సుల రొద మొదలైనా, ఆయన తొక్కడం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.